చుక్కకు చిరునామా

బాలలూ! సంక్రాంతి నెలలో వాకిట ముగ్గు పెట్టేటప్పుడు అమ్మగాని, అక్కయ్యగాని ఏమనుకుంటారో విన్నారా? "11 చుక్కలు, 6 వచ్చేదాకా సందు చుక్క" అంటారు. అంతే! పక్కింటి పిన్నిగారు ఆ ఒక్క ముక్క వింటే చాలు, మొత్తం 91 చుక్కలూ ఎక్కడెక్కడ పడాలో ఆవిడకు తెలిసిపోతుంది. మధ్య వరసలో 11, దానికి అటూ ఇటూ 10, 9, 8, 7, 6. ఒక వరస చుక్కలు పక్క వరస చుక్కల సందుల్లో పడతాయి. కావలిస్తే కూడి చూసుకోండి.

కంప్యూటరుకు వాకిలీ లేదు, ముగ్గుపిండీ లేదు. చుక్క ఎక్కడ ఉన్నదో దానికి అంకెలతోనే చెప్పాలి. ఈ దారి చూపినవారిలో ముఖ్యుడు ఫ్రెంచి పండితుడు దెకార్త్. బొమ్మలను గురించిన ప్రశ్నలను అంకెల లెక్కలుగా మార్చవచ్చునని ఆయన 1637లో అచ్చయిన తన జ్యామితి గ్రంథంలో చూపాడు. ఒక మూల నుంచి తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత అని రెండు అంకెలు చెబితే చాలు, చుక్కకు చిరునామా దొరికినట్టే. (2, 5) అంటే తూర్పుకు 2, ఉత్తరానికి 5 అన్నమాట.

అయితే వరస తప్పకూడదు సుమా! హైదరాబాదు ఉన్నది సుమారు 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 78.5 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర. కొన్ని ప్రోగ్రాములు అక్షాంశం ముందు అడుగుతాయి, కొన్ని రేఖాంశం ముందు అడుగుతాయి. పొరపాటున తారుమారు చేశారో, హైదరాబాదు కాస్తా ఉత్తర ధ్రువం దాపున, తెల్ల ఎలుగుబంట్లు తిరిగే స్పిట్స్‌బెర్గెన్ దీవికి వెళ్ళిపోతుంది!

చుక్కలతో పని చేసే ప్రోగ్రాములు రాసేవాళ్ళు ప్రతిసారీ మొదటి నుంచీ అన్నీ రాసుకోరు. ఎవరో తయారుచేసి, సరిచూసి పెట్టిన ముక్కలను వాడుకుంటారు. అటువంటి ముక్కల కూర్పును 'లైబ్రరీ' అంటారు. పోపుల పెట్టెలో ఆవాలూ, జీలకర్రా సిద్ధంగా ఉన్నట్టే ఇదీను. జ్యామితి కోసం 1996లో యూరపులోనూ, ఇజ్రాయిల్‌లోనూ ఉన్న కొన్ని విద్యాసంస్థలు కలిసి మొదలుపెట్టిన సి.జి.ఎ.ఎల్. అనే లైబ్రరీ చాలా పేరుపొందినది.

అందులో నాకు బాగా నచ్చిన సంగతి ఒకటి ఉన్నది. రెండు చుక్కలను కూడమంటే అది కూడదు, ఆ లెక్క చెల్లదంటుంది. ఎందుకంటారా? గుంటూరునూ, విజయవాడనూ కూడితే ఏ ఊరు వస్తుంది చెప్పండి? ఏ ఊరూ రాదు గదా! కాని ఒక చుక్కలోనుంచి మరొకటి తీసివేయవచ్చు. అప్పుడు వచ్చేది చుక్క కాదు, ప్రయాణం: గుంటూరు నుంచి విజయవాడకు ఏ దిక్కుగా, ఎంత దూరం పోవాలో అది చెబుతుంది. ఈ ప్రయాణానికి 'సదిశ' అని పేరు. చుక్కకు సదిశను కూడితే మళ్ళీ చుక్క వస్తుంది. గుంటూరులో బయలుదేరి అంత దూరం నడిస్తే విజయవాడ చేరతాం మరి!

ఇక అసలు చిక్కు వినండి. రెండు చేల మధ్య ఒక గట్టు ఉన్నదనుకోండి. గట్టు మొదటి రాయి (0, 0) దగ్గర ఉన్నది. చివరి రాయి తూర్పుకు 0.3, ఉత్తరానికి 0.9 కిలోమీటర్ల దూరాన ఉన్నది. బావి (0.1, 0.3) దగ్గర ఉన్నది. అంటే సరిగ్గా గట్టు మీదనే, మూడోవంతు దూరంలో. అది ఇద్దరికీ ఉమ్మడి బావి.

బావి ఏ పక్క ఉన్నదో కనుక్కునే లెక్క ఇది. రాయి తూర్పు అంకెను బావి ఉత్తరపు అంకెతో గుణించండి. దానిలోనుంచి, రాయి ఉత్తరపు అంకెనూ, బావి తూర్పు అంకెనూ గుణించగా వచ్చినది తీసివేయండి. మొదటి రాయి నుంచి నడిచేవాడికి, జవాబు సున్న కంటె ఎక్కువైతే బావి ఎడమ పక్కన, తక్కువైతే కుడి పక్కన, సున్న అయితే గట్టు మీద ఉన్నట్టు. ఇక్కడ 0.3 × 0.3 = 0.09, 0.9 × 0.1 కూడా 0.09. జవాబు సున్న!

మీరు సున్న అన్నారు. కాని మామూలుగా లెక్క కట్టే కంప్యూటరు రెండవ గుణకారానికి 0.09000000000000001 అంటుంది! కనక జవాబు సున్న కంటె రవ్వంత తక్కువవుతుంది. బావి కుడి పక్కన, అంటే తూర్పు చేనివారిది అయిపోతుంది. పడమటి చేనివారు ఊరుకుంటారా?

కంప్యూటరుకు లెక్క రాక కాదు. అది 0, 1 అనే రెండే అంకెలతో లెక్కిస్తుంది. మనం మూడోవంతును 0.3333... అని ఎంత రాసినా తెగదు గదా! దానికి పదోవంతు అట్లాగే తెగదు. ఎక్కడో ఒకచోట ఆపి, దగ్గర అంకెను దాచుకుంటుంది. అరవంతు, పావువంతు మాత్రం కచ్చితంగా తెలుసు. అందుకే సందు చుక్కల ముగ్గు దాన్నేమీ ఇబ్బంది పెట్టదు!

దీనికి ఉపాయం లేకపోలేదు. మంచి లైబ్రరీలు ముందు త్వరగా లెక్క కడతాయి. జవాబు సున్నకు మరీ దగ్గరగా వచ్చి అనుమానం కలిగితే, ఏ అంకే వదలకుండా మళ్ళీ కచ్చితంగా కడతాయి. కాని మనం ఇచ్చిన అంకెలే అరకొరగా దాచి ఉంటే లైబ్రరీ మాత్రం ఏం చేస్తుంది? కనక కిలోమీటర్లు మాని మీటర్లలో ఇవ్వండి: రాయి (300, 900), బావి (100, 300). 300 × 300 లోనుంచి 900 × 100 పోతే మిగిలేది అచ్చమైన సున్న. బావి మళ్ళీ ఇద్దరిదీ అయింది.

ఈ నెల లెక్క: (1, 1) దగ్గర ఒక కంచె గుంజ, (5, 4) దగ్గర మరొకటి పాతారు. మూడవది (9, 7) దగ్గర, నాలుగవది (13, 9) దగ్గర పాతారు. మొదటి రెండు గుంజల వరస తప్పినది ఏది? ఏ పక్కకు తప్పింది? ముందుగా ప్రతి గుంజలోనుంచీ మొదటి గుంజను తీసివేయడం మరవకండి. జవాబు వచ్చే నెల.