పన్నుకు గీత గీశారు.. లైసెన్స్‌కు గీయలేదు
పెద్ద టూరింగ్ బైక్ కొనాలనుకునే ముందు మూడేళ్లు నడిపినవాళ్ల మాట వినండి

నాగల్‌గిద్దలో టీ హోటల్ ముందు పెద్ద టూరింగ్ బండి ఒకటి వచ్చి ఆగిందనుకోండి. బీదర్ కోట చూసి వస్తున్నవాళ్లో, నారాయణఖేడ్ మీదుగా నాందేడ్ హైవే ఎక్కాలనుకుంటున్నవాళ్లో అయి ఉంటారు. రెండు పక్కలా లగేజీ పెట్టెలు, ముందు ఎత్తయిన అద్దం, బురద కొట్టుకున్న టైర్లు. రెండు నిమిషాల్లో చుట్టూ పదిమంది చేరతారు. మొదటి ప్రశ్న: ‘ఎంత పడ్డది అన్నా?’ రెండోది: ‘ఎంతిస్తది?’ మూడో ప్రశ్న మాత్రం ఎవరూ అడగరు. ‘కొని మూడేళ్లయినంక ఎట్లున్నది?’

నిజానికి మీకు పనికొచ్చేది ఆ మూడో ప్రశ్నే. ఎందుకంటే గత సెప్టెంబర్ల లెక్కలు ఇప్పుడు పనిచేయవు. 2025లో వచ్చిన జీఎస్టీ మార్పుతో పెద్ద బండి ఖర్చు లెక్క మారిపోయింది. దాన్ని నడిపే నైపుణ్యం విషయంలో మాత్రం మన చట్టం ఎక్కడున్నదో అక్కడే ఉంది. కొనేముందు ఈ రెండూ అర్థం చేసుకోవాలి.

350 సీసీ దగ్గర గీత

2025 సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం ద్విచక్ర వాహనాలను 350 సీసీ దగ్గర రెండుగా విడదీసింది. ఆ నెల 22 నుంచి 350 సీసీ వరకు ఉన్న బండ్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు మించితే 40 శాతం. అంతకుముందు ఆ పెద్ద బండ్లపై 28 శాతం జీఎస్టీ, దానిపైన 3 శాతం సెస్ కలిపి 31 శాతం ఉండేది.

లెక్క వేసి చూడండి. పన్నుకు ముందు ధర 2 లక్షలు ఉన్న పెద్ద బండి పాత పన్నుతో 2.62 లక్షలు. కొత్త పన్నుతో 2.80 లక్షలు. అంటే 18 వేలు ఎక్కువ. పన్నుకు ముందు లక్షన్నర ఉన్న 350 సీసీ లోపు బండి 1.92 లక్షల నుంచి 1.77 లక్షలకు దిగింది. అంటే 15 వేలు తక్కువ. లైఫ్‌ట్యాక్స్, బీమా వీటికి అదనం.

ఈ గీతకు అటువైపు ఉన్నవేవి? 452 సీసీ హిమాలయన్ 450, 373 సీసీ డామినర్ 400, కేటీఎం 390 అడ్వెంచర్. మన కుర్రాళ్ల ఫోన్లలో వాల్‌పేపర్లుగా కనిపించే టూరింగ్ బండ్లలో చాలావరకు ఇవే. 349 సీసీ మీటియర్, 200 సీసీ ఎక్స్‌పల్స్ లాంటివి ఇటువైపు ఉండిపోయాయి. 1,833 సీసీ ఇంజిన్‌తో వచ్చే హోండా గోల్డ్‌వింగ్ లాంటి అసలు సిసలు భారీ టూరర్ల సంగతి వేరు. వాటి ధరకు మన దగ్గర మంచి ఇల్లే వస్తుంది.

బీమాలోనూ అదే గీత. 2022లో ఖరారు చేసిన రేట్ల ప్రకారం 150 నుంచి 350 సీసీ బండికి థర్డ్ పార్టీ ప్రీమియం ఏడాదికి 1,366 రూపాయలు. 350 దాటితే 2,804. కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ బీమా ఒకేసారి కట్టాలి. అది 7,365 నుంచి ఒక్కసారిగా 15,117కు పోతుంది.

ఓనర్లు మెచ్చేది, నొచ్చుకునేది

పెద్ద బండి నడిపినవాళ్లను అడిగితే మెచ్చుకునే విషయాలు దాదాపు ఒకేలా ఉంటాయి. 90 కిలోమీటర్ల వేగంలోనూ బండి కదలకుండా నిలుస్తుంది. అద్దం వల్ల గాలి ఛాతీకి కొట్టదు. నాలుగు గంటలు కూర్చున్నా నడుము పట్టేయదు. హిమాలయన్ 450 ట్యాంకులో 17 లీటర్లు పడుతుంది. లీటరుకు 28 కిలోమీటర్లు వచ్చినా 470 దాకా పోవచ్చు. నాగల్‌గిద్దలో నింపుకుంటే హైదరాబాద్ పోయి తిరిగొచ్చినా ఇంకా మిగులుతుంది.

అయితే ఒక్క మాట గుర్తుంచుకోండి. మూడు లక్షలు పోసి కొన్నవాడు మొదటి నెలలో తన బండిని తానే తిట్టుకోడు. అసలు మాట రెండు వానాకాలాలు దాటాక బయటికొస్తుంది. అప్పుడు వినిపించేవి ఇవీ:

బరువు. హిమాలయన్ 450 బరువు 196 కిలోలు, డామినర్ 400 బరువు 193. మనం రోజూ తిప్పే నూటపది కిలోల బండితో పోలిస్తే ఇంకో మనిషిని మోస్తున్నట్టే. తారురోడ్డు మీద అది తెలియదు. తండాకు పోయే మట్టిబాటలో నల్లరేగడి తడిసి చక్రాలకు చుట్టుకున్నప్పుడు తెలుస్తుంది. పడిన బండిని ఒక్కడే లేపలేక దారిన పోయేవాళ్ల కోసం ఎదురుచూసినప్పుడు ఇంకా బాగా తెలుస్తుంది.

ఎత్తు. సీటు నేలకు 800 నుంచి 825 మిల్లీమీటర్ల ఎత్తులో ఉంటుంది. కాళ్లు పూర్తిగా ఆనకపోతే గుంతలో ఆపినప్పుడు బండి ఒరిగిపోతుంది.

వేడి. ఎండాకాలం పట్నం ట్రాఫిక్‌లో ఇంజిన్ వేడి మోకాళ్లకు తగులుతుంది.

సర్వీసు. మన ఊరి మెకానిక్ చేతికి ఇవ్వలేని పనులు చాలా ఉంటాయి. పార్టు కోసం వారాల తరబడి ఆగిన అనుభవం చెప్పేవాళ్లు తక్కువేం కాదు. చెయిన్‌కు కొన్ని వందల కిలోమీటర్లకోసారి నూనె పెట్టుకోవడం, టైర్ల ఖర్చు షోరూంలో ఎవరూ గుర్తు చేయరు.

కిస్తీ నెలనెలా, పంట ఏడాదికోసారి

రెండున్నర లక్షల అప్పు, 12 శాతం వడ్డీ, మూడేళ్ల గడువు అనుకుందాం. నెలకు కిస్తీ సుమారు 8,300. మూడేళ్లలో కట్టేది దగ్గర దగ్గర 2.99 లక్షలు. వడ్డీయే 49 వేలు.

దీనికి పెట్రోలు కలపండి. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగితే, 60 మైలేజీ బండి సుమారు 17 లీటర్లు తాగుతుంది. 28 ఇచ్చేది 36 లీటర్లు. లీటరు 107 రూపాయల లెక్కన తేడా నెలకు రెండు వేలు. అంటే కిస్తీతో కలిపి పది వేలు దాటింది.

పట్నంలో నెలజీతం వచ్చేవాళ్లకు ఇది సర్దుబాటు విషయం. మన దగ్గర కథ వేరు. పత్తి, సోయా, కంది డబ్బు పంట అమ్మినప్పుడే చేతికొస్తుంది. చెరకు నరకడానికి పోయే కుటుంబాలకు అడ్వాన్సు సీజన్ మొదట్లో వస్తుంది, మళ్లీ ఏడాదికి గానీ రాదు. కిస్తీ మాత్రం పంటను చూసి ఆగదు. మూడు కిస్తీలు తప్పితే బండి పోవడమే కాదు, సిబిల్ స్కోరు పడిపోతుంది. రేపు చదువుకో, చిన్న వ్యాపారానికో బ్యాంకుకు వెళ్తే అది అడ్డం పడుతుంది. కెరీర్ మొదలవకముందే తగిలే దెబ్బ ఇది.

సెకండ్ హ్యాండ్ మంచి దారే. కానీ కాగితాలు జాగ్రత్త. సరిహద్దులో ఉన్నాం కాబట్టి బీదర్ వైపు కేఏ-38 నంబర్ బండి తక్కువకు దొరకొచ్చు. పక్క రాష్ట్రం బండిని ఇక్కడ 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబర్ తీసుకోవాల్సిందేనని మోటారు వాహనాల చట్టం చెబుతోంది. ఇక్కడ లైఫ్‌ట్యాక్స్ పడుతుంది. ఫారం 28తో ఎన్‌వోసీ, పేరు మార్పుకు 29, 30 ఫారాలు, అప్పు తీరిందనే ఫారం 35 లేకుండా డబ్బు ఇవ్వొద్దు.

అసలు లోటు ఇక్కడ

పన్నుకు, బీమాకు 350 దగ్గర గీత ఉంది కదా. మరి లైసెన్స్‌కు? లేదు. మన దేశంలో గేర్లున్న మోటారు సైకిల్‌కు ఒకటే లైసెన్స్. 100 సీసీ బండి మీద ఆర్టీవో ట్రాక్‌లో ఎనిమిది అంకె తిప్పి పాసైన 18 ఏళ్ల కుర్రాడు మరునాడే 40 హార్స్‌పవర్ బండి తోలొచ్చు, 1,833 సీసీదీ తోలొచ్చు. చట్టం ఆపదు.

బ్రిటన్‌లో ఇలా కుదరదు. 40 హార్స్‌పవర్ బండి కావాలంటే 19 ఏళ్లు నిండి, ఏ2 పరీక్ష పాసవ్వాలి. పరిమితి లేని పెద్ద బండికి 24 ఏళ్లు రావాలి, లేదా ఏ2 మీద రెండేళ్లు గడిపి 21 ఏళ్లకు మరో పరీక్ష రాయాలి. జపాన్‌లో 400 సీసీ దాటితే వేరే లైసెన్స్.

ఇదేదో చాదస్తం కాదు. వేగం 60 నుంచి 100కు పెరిగితే బ్రేకు వేశాక ఆగడానికి పట్టే దూరం దాదాపు 2.8 రెట్లవుతుంది. వందలో పోతున్నప్పుడు ఒక్క సెకను ఆలస్యంగా స్పందిస్తే బండి బ్రేకు తగలకముందే 28 మీటర్లు దాటిపోతుంది. చలికాలం రాత్రి వెనక లైటు లేని చెరకు ట్రాక్టర్ ఎదురుపడితే ఆ 28 మీటర్లే ప్రాణం. ఏబీఎస్ చక్రం బిగుసుకోకుండా చూస్తుంది. కంకర మీద దూరాన్ని తగ్గించలేదు.

2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వారిలో 44.5 శాతం ద్విచక్ర వాహనాలపై ఉన్నవాళ్లే. హెల్మెట్ లేక పోయిన ప్రాణాలు 50,029. ఇంజిన్ పెద్దదని 40 శాతం పన్ను తీసుకునే ప్రభుత్వం, అదే ఇంజిన్‌కు రెండో పరీక్ష ఒకటి ఎందుకు పెట్టదు? యువత అడగాల్సిన ప్రశ్న ఇది. పన్ను తగ్గించమని అడగడం కన్నా ముందు అడగాల్సింది.

అప్పటిదాకా మీ నియమం మీరే పెట్టుకోండి

* ఏడాదిపాటు 150–200 సీసీ బండి మీద చేయి కుదుర్చుకోండి.
* కొనేముందు తెలిసినవాళ్ల పెద్ద బండితో ఖాళీ మైదానంలో బ్రేకులు, మలుపులు సాధన చేయండి. పడుకోబెట్టి ఒక్కరే లేపి చూడండి.
* మొదటి వానాకాలం వెనక ఎవరినీ ఎక్కించుకోవద్దు. ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ ధరను బండి ధరలోనే కలిపి లెక్కేసుకోండి.
* కిస్తీ, పెట్రోలు కలిపి నెలకు ఎంతవుతుందో ఆరు నెలలు ముందే పొదుపు చేసి చూడండి. ఒక్క నెల తప్పినా ఇంకా టైం రాలేదన్నట్టే.

బండి మీద ప్రేమ ఉండి డబ్బు లేనివాళ్లకు ఇంకో దారి ఉంది. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 వచ్చాక ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సర్లు, ఏబీఎస్ తెలిసిన మెకానిక్‌కు గిరాకీ పెరిగింది. ఐటీఐలో రెండేళ్ల మెకానిక్ మోటార్ వెహికల్ ట్రేడ్ చేసి, ఏదైనా పెద్ద వర్క్‌షాప్‌లో అప్రెంటిస్‌గా చేరితే ఆ పని చేతికొస్తుంది. సర్వీసు కోసం దూరం పోవాల్సిన ఊళ్లలో స్కానర్ పట్టుకోగల మెకానిక్‌కు పని కొరత ఉండదు. పదిమంది పెద్ద బండ్లు మీ చేతుల మీదుగా పోయాక, ఏది కొనాలో, అసలు కొనాలో వద్దో ఎవరినీ అడగక్కర్లేదు.

ఈసారి టీ హోటల్ ముందు పెద్ద బండి ఆగితే మీరూ వెళ్లండి. ధర ఫోన్‌లో దొరుకుతుంది, మైలేజీ కూడా దొరుకుతుంది. మీరు మాత్రం మూడో ప్రశ్న అడగండి. జవాబు చెప్పేముందు ఆ అన్న ఎంతసేపు ఆలోచిస్తాడో చూడండి.