మూడేళ్ల మేనేజరు, ఇరవై ఏళ్ల అప్పు

ప్రభుత్వ బ్యాంకుల్లో అధికారి ఒక శాఖలో కుదురుకునేలోపే బదిలీ ఉత్తర్వు వస్తుంది. పదోన్నతి కావాలంటే ఊరు మారక తప్పదు. పలు చోట్ల పనిచేస్తే అనుభవం పెరుగుతుందన్నది నిజమే. కానీ అప్పు నడిచే కాలం వేరు. విద్యుత్ కేంద్రానికో రహదారికో ఇచ్చిన రుణం పదిహేను, ఇరవై ఏళ్లు నడుస్తుంది. తొలి వాయిదాకే ఏళ్ల గడువుంటుంది. ఆ తర్వాత కూడా, బకాయి 90 రోజులు దాటితేనే అది మొండి బాకీ అవుతుంది. ఆ అప్పు మంచిదో కాదో తేలేనాటికి దాన్ని సిఫారసు చేసినవారు రెండు మూడు కుర్చీలు దాటిపోయి ఉంటారు. లక్ష్యం చేరిన మెప్పు ఒకరికి, వసూలు కాలేదన్న నింద మరొకరికి. 2018 మార్చి నాటికి ప్రభుత్వ బ్యాంకుల స్థూల మొండి బకాయిలు వాటి మొత్తం రుణాల్లో 14 శాతం దాటాయి. ఆర్థిక మందగమనం, అనుమతుల జాప్యం, ఎగవేతదారుల మోసాలు అందుకు పెద్ద కారణాలే. అయినా, విత్తినవారు కోతదాకా ఉండని సేద్యంలో విత్తనం నాణ్యత చూసేదెవరు? పై స్థాయిలోనూ ఈ లోపం ఉందని గుర్తించే, 2014లో పి.జె. నాయక్ కమిటీ బ్యాంకు ఛైర్మన్లకు కనీసం ఐదేళ్లు, పూర్తికాలపు డైరెక్టర్లకు మూడేళ్ల పదవీకాలం ఉండాలని సూచించింది.

చిన్న అప్పులకు ఈ నష్టం మరోలా తగులుతుంది. కౌలు రైతు చేతిలో పట్టా ఉండదు. అతడు నిజంగా సాగు చేస్తున్నాడా, నిరుడు బాకీ తీర్చాడా అన్నది ఊరిని ఎరిగిన మేనేజరుకే తెలుస్తుంది. ఆ ఎరుక ఫైలులో ఇమడదు, బదిలీతో వెళ్లిపోతుంది. తెలుగు రాని అధికారి వస్తే ఆ రైతు మళ్లీ మొదటి మెట్టు నుంచి ఎక్కాలి.

ఒకేచోట ఉంచితే అక్రమాలు పెరుగుతాయన్న అభ్యంతరం బలమైనదే. 2018లో బయటపడ్డ పంజాబ్ నేషనల్ బ్యాంకు కుంభకోణంలో ఒక ఉద్యోగి ముంబై శాఖలో ఏళ్లతరబడి కదలకుండా ఉన్నాడు. అయితే, విదేశాల్లోని బ్యాంకు శాఖలకు హామీ సందేశాలు పంపే స్విఫ్ట్ వ్యవస్థను బ్యాంకు సొంత లెక్కల వ్యవస్థతో కలపకపోవడం వల్లే ఆ మోసం అంతకాలం దాగింది. అది తనిఖీ లోపం. సున్నితమైన పదవుల్లో ఉన్నవారిని ఏటా కనీసం పది పనిదినాలు ముందస్తు సమాచారం లేకుండా సెలవుపై పంపాలని రిజర్వు బ్యాంకు నిర్దేశించింది. ఆ రోజుల్లో మరొకరు పుస్తకాలు చూస్తారు కాబట్టి ఊరు మార్చకుండానే నిఘా సాధ్యం. ఎదగడం ఉద్యోగి హక్కన్న మాటనూ కాదనలేం. ఉన్నచోటే హోదా, జీతం పెంచితే ఆ హక్కు నిలుస్తుంది.

సంతకానికి అవినీతి జరిగినప్పుడే కాదు, అంచనా తప్పినప్పుడు కూడా జవాబుదారీ ఉండాలి. అధికారి ఎక్కడికి వెళ్లినా తాను సిఫారసు చేసిన అప్పుల ఫలితం అతడి పనితీరు లెక్కలో చేరాలి. రుణాలు చూసేవారికి కనీసం ఐదేళ్ల నిలకడ, కొత్తవారితో కలిసి పనిచేసే అప్పగింత గడువు ఇవ్వాలి. బ్యాంకుల్లో ఉన్నది ప్రజల డిపాజిట్లు. వాటిని అప్పుగా ఇచ్చినవారు ఆ అప్పు తీరేదాకా బాధ్యులుగా ఉండాలి.