పెళ్లి అన్నం పశువుకు పెట్టొద్దు

కుండలో పాలు పులిస్తే పెరుగు. పశువు పొట్టలో అన్నం పులిస్తే ప్రాణగండం. రెండుచోట్లా పుట్టేది ఒక్కటే, లాక్టిక్ ఆమ్లం. ఈ సంగతి తెలియకనే మన పల్లెల్లో పాడి పశువులు నిష్కారణంగా చనిపోతున్నాయి.

ముహూర్తాలు మొదలైతే ఫంక్షన్ హాళ్ల వెనక గంపలకొద్దీ అన్నం మిగులుతుంది. పారేస్తే పాపమని పాడి ఉన్నవాళ్లకు కబురు పెడతారు. ఊరికే వచ్చిన మేత కదా అని వాళ్లూ గేదె ముందు గుమ్మరిస్తారు. తెల్లారేసరికి గేదె మేత ముట్టదు, నెమరు వేయదు. దిష్టి తగిలిందనో, ఎవరో మందు పెట్టారనో అనుకుంటాం. దిష్టీ కాదు, మందూ కాదు. అది పులుపు చేసిన పని.

పులుపు మనకు కొత్తదా?

కాదు. పులిసిన పాల నుంచి ఈ ఆమ్లాన్ని 1780లో షీలే అనే స్వీడన్ శాస్త్రజ్ఞుడు వేరుచేశాడు. దాన్ని తయారుచేసేది కంటికి కనిపించని సూక్ష్మజీవులని 1857లో లూయీ పాశ్చర్ చెప్పాడు. మన ఆడవాళ్లు అంతకు ఎన్నో తరాల ముందునుంచే పాలకు తోడు పెడుతున్నారు, తరవాణి కుండ నింపుతున్నారు. ఇడ్లీ పిండి పులవడమూ ఈ జీవుల పనే. ఇప్పుడు మొహానికి రాసుకునే కొన్ని క్రీముల్లోనూ ఈ ఆమ్లం ఉంటోంది.

రైతుకూ ఇది మేలు చేస్తుంది. పాల కంకి మీదున్న మొక్కజొన్నను ముక్కలుగా కొట్టి, గుంతలో గాలి లేకుండా తొక్కి, మీద పట్టా కప్పితే మాగుడు గడ్డి తయారవుతుంది. ఆ గడ్డి నెలల తరబడి కుళ్లకుండా కాపాడేది ఈ పులుపే.

మన ఒంట్లోనూ ఇది పుడుతుంది. గబగబా పరుగెత్తినా, బస్తా ఎత్తినా కండల్లో తయారవుతుంది. గుండె దాన్ని ఇంధనంగా వాడుకుంటుంది, కాలేయం తిరిగి చక్కెరగా మారుస్తుంది. గంట, గంటన్నరలో మామూలైపోతుంది. నాట్లు మొదలైన మర్నాడు నడుం పట్టేసేది దీనివల్లేనని చాలామంది అంటారు, కానీ అది కండరాల పోగులు దెబ్బతిన్న నొప్పి.

మరి గేదెకెందుకు ముప్పు?

గేదె పెద్ద పొట్ట గడ్డి కోసం తయారైంది. అందులో కోట్ల సూక్ష్మజీవులు గడ్డిని నిదానంగా అరగదీస్తాయి. భూసార పరీక్షలో చూసే ఉదజని సూచిక ఆ పొట్టలో మామూలుగా 6, 7 మధ్య ఉంటుంది. ఒక్కసారిగా గంపెడు అన్నమో, ధాన్యమో పడితే పిండి పదార్థాన్ని తినే జీవులు విపరీతంగా పెరిగి లాక్టిక్ ఆమ్లాన్ని కుమ్మరిస్తాయి. సూచిక 5 కన్నా కిందికి పడిపోతుంది. గడ్డిని అరగదీసే జీవులు చచ్చిపోతాయి. పులుపెక్కిన పొట్ట రక్తంలోని నీటిని లోపలికి లాగేసుకుంటుంది. పైగా ఇందులో ఒక రకం ఆమ్లాన్ని పశువు ఒళ్లు త్వరగా ఖర్చు చేసుకోలేదు, అది రక్తంలో పేరుకుంటుంది. కళ్లు గుంటలు పడతాయి, పుల్లటి వాసనతో పారుతుంది, నడక తూలుతుంది, చివరికి పడిపోతుంది. తీవ్రమైతే ఒకటి రెండు రోజుల్లోనే ప్రాణం పోతుంది. బతికినా కొన్నిటికి గిట్టలు వాచి కుంటు మిగులుతుంది.

'మా తాతల నాటినుంచీ కుడితిలో అన్నం వేస్తున్నాం, ఏమీ కాలేదే' అని మీరు అనొచ్చు. నిజమే. కుడితి తొట్టిలో పడేది బియ్యం కడుగు, గంజి, నాలుగు మెతుకులు. అది రోజూ అలవాటైనది. పెళ్లి అన్నం అలా కాదు, అలవాటు లేని పొట్టలో ఒక్కపూటలో పడే గంప. కళ్లంలో కట్టు తెంచుకుని ధాన్యం రాశి మీద పడ్డ ఎద్దుకూ ఇదే గతి. దాణా పెంచాలన్నా పది పదిహేను రోజుల్లో కొంచెం కొంచెంగా పెంచండి. గడ్డి మాత్రం తగ్గించొద్దు.

సోడా సంగతి

పాలు విరగకుండా కొందరు క్యాన్లలో సోడా కలుపుతారు. అది కల్తీ, చట్టరీత్యా నేరం. అదే తినే సోడా పొట్టలో పులుపు పెరిగిన పశువుకు మందు. అయితే ఎంత, ఎలా అన్నది పశువైద్యుడు చెప్పాలి. నీరసించి పడుకున్న గేదెకు నోరు తెరిచి గొట్టంతో ఏదీ పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే రెండో గండం. అన్నం తిన్నదని తెలిసిన వెంటనే, జబ్బు లక్షణాల కోసం ఎదురుచూడకుండా, ఆసుపత్రికి కబురు చేయండి. 1962కు ఫోన్ చేస్తే సంచార వైద్య వాహనం వస్తుంది. ఎంత తిన్నది, ఎప్పుడు తిన్నది దాచకుండా చెప్పండి. ఆలస్యమైతే పొట్ట కోసి అన్నం తీయాల్సి వస్తుంది.

నేననేది ఒక్కటే. మిగిలిన అన్నం పశువుకు పెడితే పుణ్యమన్న మాట మనం మానుకోవాలి. భోజనాలు పెట్టినవాళ్లు ముందు ఆకలిగొన్న మనుషులకు పంచాలి, పాడైనది పశువులు కెలకకుండా ఎరువు గుంతలో వేసి మన్ను కప్పాలి. పాలకేంద్రాల్లో వెన్న శాతం, ధర రాసే బోర్డుమీదే ముహూర్తాల రోజుల్లో ఈ హెచ్చరిక కూడా రాయాలి. అందుకు ఖర్చయ్యేది ఒక సుద్దముక్క. అప్పు చేసి ఒక్క గేదెను కొనుక్కున్న ఇంటికి ఆ గేదె పోతే పాలే కాదు, వాయిదా కట్టే దారీ పోతుంది. ఈసారి ఎవరైనా అన్నం గంప తెస్తే పాకలోకి రానివ్వకండి.