పాట వేదికదా? సంఘానిదా?

పులివెందుల, జమ్మలమడుగు, ప్రొద్దుటూరు ప్రాంతాల సంఘాల్లో కొంతకాలంగా ఒక చర్చ సాగుతోంది. ఆరాధనలో బ్యాండు ఉండాలా, వద్దా? కీబోర్డు, ప్యాడ్స్, డ్రమ్స్, గిటారు లేనిదే ఆరాధనలో ఉత్సాహం లేదంటుంది యువత. తాతల నాటి కీర్తనల పుస్తకం, డోలక్, తాళాలు చాలవా అంటారు పెద్దలు. వేముల మండలం లాంటి పల్లెప్రాంతంలో ఈ ప్రశ్న మరింత బరువైనది. చీనీ తోటల్లో, అరటి తోటల్లో కూలికి వెళ్లే విశ్వాసులు కోత పండుగకు తెచ్చిన కానుకల్లోంచే ఆ వాద్యాల సొమ్ము రావాలి. అందుకే, ఈ బ్యాండ్లు ఎక్కడ పుట్టాయి, వాటి చరిత్ర మనకేం నేర్పుతోంది అన్నది ముందుగా ఆలోచించడం మంచిది.

దేవుని సన్నిధిలో వాద్యబృందం కొత్త సంగతి కాదు. ఆసాపు, హేమాను, యెదూతూను కుటుంబాల వారిని సితారలతో, స్వరమండలాలతో, తాళాలతో సేవ చేయడానికి దావీదు ప్రత్యేకించాడు. వారిలో శిక్షణ పొందిన గాయకులు 288 మంది అని 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం లెక్క చెబుతోంది. కాబట్టి వాద్యాలు లోకసంబంధమైనవన్న అభ్యంతరం నిలవదు.

నేటి బ్యాండ్ల చరిత్ర 1960ల చివర అమెరికాలో మొదలవుతుంది. ఇల్లూ వాకిలీ వదిలి, మత్తుమందులకు బానిసలై తిరుగుతున్న హిప్పీ యువత కాలిఫోర్నియాలోని కోస్టా మెసాలో పాస్టర్ చక్ స్మిత్ నడిపే కల్వరీ చాపెల్‌కు రావడం మొదలుపెట్టింది. వాళ్ల మాసిన కాళ్లకు కొత్త తివాచీ పాడవుతుందని కొందరు పెద్దలు అడ్డుకుంటే, తివాచీనే తీసేద్దామని ఆయన అన్నారని చెబుతారు. రక్షణ పొందిన ఆ యువకులు తమకు వచ్చిన గిటారుతో, తమకు తెలిసిన బాణీలో ప్రభువును పాడారు. అలా 1970లో ‘లవ్ సాంగ్’ అనే బృందం ఏర్పడింది. 1971లో ఆ సంఘం నుంచే ‘మారనాత మ్యూజిక్’ సంస్థ పుట్టింది. సమకాలీన క్రైస్తవ సంగీతమని నేడు మనం పిలిచే దానికి ఉన్న ముఖ్యమైన మూలాల్లో ఇదొకటి.

ఇదంతా పాశ్చాత్యుల పద్ధతి, మనకెందుకు అనేవారు మన తెలుగు సంఘ చరిత్రను కూడా చూడాలి. పర్లాకిమిడి ప్రాంతంలో 1803లో పుట్టి, 1833లో కటక్‌లో బాప్తిస్మం పొందిన పురుషోత్తమ చౌదరి చేసిన పని కూడా ఇలాంటిదే. మిషనరీల బాణీలను అనుకరించకుండా, తెలుగువారి చెవికి అలవాటైన రాగతాళాల్లో ఆయన క్రీస్తును కీర్తించారు. 1890లో ప్రభువునందు నిద్రించినా, ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో ఆయన నేటికీ పాడుతూనే ఉన్నారు. ఆ పుస్తకంలో కీర్తన పైన రాగం, తాళం పేర్లుండటం గమనించండి. లండన్ మిషన్ వారు 1822లో కడపలో పని ప్రారంభించిన తర్వాత ఈ జిల్లాలో ఏర్పడిన సంఘాలకూ అవే కీర్తనలు ఆత్మీయాహారమయ్యాయి. చదువు రాని అవ్వలు సైతం వాటిని విని విని కంఠస్థం చేసి, వాక్యాన్ని పాటలోనే నేర్చుకున్నారు. నేటి పెద్దలు కాపాడుకోవాలనుకునే కీర్తన ఒకనాడు కొత్త పాటే. ఈ సంగతి పెద్దలూ మరువరాదు, యువతా మరువరాదు.

అయితే బ్యాండ్ల చరిత్రకు రెండో పేజీ కూడా ఉంది. ఆస్ట్రేలియాలోని సిడ్నీ శివార్లలో 1983లో చిన్నగా మొదలైన సంఘమే తరువాత హిల్‌సాంగ్‌గా లోకప్రసిద్ధి పొందింది. 1993లో ఆ సంఘ గాయని డార్లీన్ జెక్ రాసిన ‘షౌట్ టు ద లార్డ్’ ఎన్నో దేశాల సంఘాలకు చేరింది. 1998లో అక్కడి యువజనుల నుంచి ‘హిల్‌సాంగ్ యునైటెడ్’ బృందం వచ్చింది. 2018లో హిల్‌సాంగ్ పాటకు గ్రామీ పురస్కారం దక్కింది. పాటలు ఆకాశమంత ఎత్తుకు వెళ్లాయి. కానీ 2020లో న్యూయార్క్ శాఖ పాస్టర్‌ను నైతిక కారణాలతో తొలగించారు. స్త్రీల విషయంలో ప్రవర్తనపై సంఘం జరిపిన విచారణల అనంతరం 2022లో వ్యవస్థాపక కాపరి రాజీనామా చేశారు. తండ్రి నేరాన్ని దాచారన్న వేరొక కేసులో మాత్రం 2023లో న్యాయస్థానం ఆయన్ను నిర్దోషిగా తేల్చింది.

ఎవరినో తీర్పు తీర్చడానికి ఈ సంగతులు చెప్పుకోవడం లేదు. పాట మధురంగా ఉన్నంత మాత్రాన ఆ సంఘం ఆరోగ్యంగా ఉన్నట్టు కాదని గ్రహించడానికే. న్యాయం ప్రవహించని చోట పాటల ధ్వని తనకు అక్కర్లేదని ఆమోసు 5వ అధ్యాయంలో దేవుడు తేటగా చెప్పాడు. వేల కిలోమీటర్ల దూరంలోని సంఘానికి వర్తించిన ఆ మాట వేములలోని చిన్న మందిరానికీ వర్తిస్తుంది. వేదికపై పాడేవారిని కాపరి, పెద్దలు ప్రేమతో కనిపెట్టి చూసుకోకపోతే, చప్పట్లే వారికి కాపరి అవుతాయి.

ఇంతకన్నా నిశ్శబ్దంగా జరిగే నష్టం మరొకటుంది. పాట సంఘం నోటి నుంచి జారి వేదిక మీదికి ఎక్కిపోతోంది. రికార్డు చేసిన పాట ఒక గాయకుని గొంతుకు సరిపడే శ్రుతిలో ఉంటుంది. మధ్యలో పొడవైన వాద్యసంగీతం ఉంటుంది. దాన్ని ఉన్నదున్నట్టు మందిరంలో దించితే వెనుక వరుసలోని తల్లి అందుకోలేదు. ఆమె మౌనంగా వింటుంది, స్పీకర్ల హోరులో ఆ మౌనం ఎవరికీ తెలియదు. ఒకరికొకరు బోధించుకుంటూ పాడమని కొలొస్సయులకు 3:16లో పౌలు రాసినది సంఘమంతటికీ గదా! విశ్వాసిని శ్రోతగా మార్చే సంగీతం ఎంత గొప్పదైనా ఆరాధనకు చేసేది నష్టమే.

అందుచేత కీబోర్డు కొనాలా వద్దా అన్నదానికన్నా, కొన్న తర్వాత సంఘం ఎక్కువగా పాడుతుందా, తక్కువగా పాడుతుందా అన్నదే అసలు ప్రశ్న. కీబోర్డులో శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ ఉంది. దాన్ని సంఘం గొంతుకు తగ్గట్టు దించుకోవచ్చు. నెలకొక్క కొత్త పాట చాలు, అందరికీ నోటికి వచ్చేదాకా పాడవచ్చు. ప్రతి ఆదివారం కనీసం ఒక్క పాటను వాద్యాలన్నీ ఆపి, గొంతులతోనే పాడితే సంఘం పాడుతోందో లేదో అప్పుడే తెలిసిపోతుంది. పిల్లలకు పాత కీర్తనలు పెద్దలు నేర్పాలి, పెద్దలకు కొత్త పాటలు పిల్లలు ఓపికగా నేర్పాలి. చెక్కభజన, కోలాటం ఆడే ఈ సీమలో మన యాసలో, మన కష్టసుఖాలతో పాట కట్టగలిగిన యువతను ప్రోత్సహించాలి.

బ్యాండ్లు వస్తాయి, పోతాయి. కోత కూలి చేసి వచ్చి ఆదివారం బెంచీ మీద కూర్చున్న విశ్వాసి కంఠం ప్రభువుకు ప్రీతికరమైన వాద్యం. ఆ వాద్యం మూగబోకుండా చూసుకునే సంఘం ధన్యమైనది.