కవలల కాన్పు - ముందస్తు అంచనా

ఏడవ నెలలో పుట్టిన బిడ్డ బ్రతుకుతుందనీ, ఎనిమిదవ నెలలో పుట్టినది దక్కదనీ పెద్దలు చెప్పే మాట ఒకటున్నది. వైద్యానుభవం దానిని పూర్తిగా త్రోసిపుచ్చింది. నెలలు నిండేవరకు గర్భంలో గడిచే ప్రతి వారమూ శిశువు ఊపిరితిత్తులకు బలమే. కవలల విషయంలో ఈ లెక్క మరీ ముఖ్యం. అమెరికాలో సగానికి పైగా కవలలు 37 వారాలు నిండకమునుపే జన్మిస్తున్నారు. వారి సగటు గర్భవాసం సుమారు 35 వారాలు.

ఏ తల్లికి కాన్పు ముందుగా రానున్నదో చెప్పవచ్చునా? కొంతవరకు చెప్పవచ్చును. 20-24 వారాల మధ్య యోనిమార్గం ద్వారా అల్ట్రాసౌండ్ చేసి గర్భాశయ ముఖద్వారపు పొడవును కొలుస్తారు. అది 25 మిల్లీమీటర్లకు లోపైతే ప్రమాదం హెచ్చు, 20కి లోపైతే ఇంకా హెచ్చు. ఫైబ్రోనెక్టిన్ అనే మాంసకృత్తు పరీక్ష మరొకటి. నొప్పులతో వచ్చిన తల్లిలో అది కనబడకపోతే కొద్దిరోజులు నిబ్బరంగా ఉండవచ్చును. కనబడినంత మాత్రాన కాన్పు ఖాయమని కాదు.

అయితే అంచనా వేరు, నివారణ వేరు. ఈ తేడాను మన కుటుంబాలు తరచు మరచిపోతాయి. కొలత తగ్గిందనగానే తల్లిని మంచం దిగనివ్వరు. పడక విశ్రాంతి వలన ముందస్తు కాన్పు ఆగుతుందని ఋజువు లేదు సరికదా, కాళ్ళలో రక్తం గడ్డకట్టే ముప్పు ఉన్నది. ప్రతివారం ఇచ్చే ప్రొజెస్టిరాన్ సూదిమందు కవలల తల్లులకు మేలు చేయలేదని 2007లో అమెరికాలో జరిగిన పెద్ద పరిశోధన తేల్చింది. 2023లో ఆ మందుకు అనుమతి కూడా రద్దయింది. యోనిలో ఉంచే ప్రొజెస్టిరాన్ పొట్టి ముఖద్వారం గల తల్లులకు ఉపకరించవచ్చునని కొందరంటారు, వివాదం తెగలేదు.

మరి కొలవడం దేనికి? 1972లో న్యూజిలాండ్‌లో లిగిన్స్, హోవీ అనే వైద్యులు కాన్పుకు ముందు తల్లికి ఇచ్చే స్టిరాయిడ్ శిశువుకు ఊపిరి నిలుపుతుందని నిరూపించారు. కాన్పుకు ముందు వారంలోపల ఇస్తేనే దాని ఫలితం అధికం. ఆ వారమేదో పసిగట్టడానికీ, నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ ఉన్న ఆసుపత్రికి తల్లిని వేళకు చేర్చడానికీ ఈ కొలత దారి చూపుతుంది. తల్లి ఒక ఊరిలోను, బిడ్డలు వేరొక ఊరి ఆసుపత్రిలోను ఉండవలసిన అవస్థ తప్పుతుంది.

పురిటికి తోడురావలసిన అమ్మకు తొమ్మిదవ నెల లెక్కన టిక్కెట్టు కొనడం ప్రవాసాంధ్రులకు పరిపాటి. కవలలని స్కానింగులో తెలిసిననాడే ఆ తేదీని కనీసం రెండు నెలలు ముందుకు జరపవలసి ఉంటుంది.