బూస్టర్ డబ్బా, కామెర్ల పసరు

బందరు, గుడివాడ, నాగాయలంక ఎటు వెళ్లినా ఆక్వా మందుల షాపులో ‘ఇమ్యూనిటీ బూస్టర్’ డబ్బా కనిపిస్తుంది. 1994-95లో తెల్లమచ్చ వైరస్ టైగర్ రొయ్యను ఊడ్చేసిన భయం, వనామీ రొయ్య వచ్చాక కూడా రైతును వదల్లేదు. కానీ రొయ్యకు టీ కణాలు లేవు, యాంటీబాడీలూ లేవు. ఈస్టు నుంచి తీసిన బీటా గ్లూకాన్ దాని మొదటి వరస రక్షణను కాస్త కదిలిస్తుందేమో గానీ, అంతకు మించి ఆశపడటానికి లోపల సరంజామా లేదు. (కైకలూరు బొచ్చెకు, శీలావతికి ఉంది. ఆ చేపలు మనకు దగ్గర చుట్టాలు.)

మనకు టీ కణాలున్నాయి కదా, వాటిని రెచ్చగొడితే వైరస్ పోదా అంటారా? మందులు లేకపోలేదు. వైరస్ వల్ల వచ్చే పులిపిరిలోకి ఎంఎంఆర్ టీకా ఎక్కించే చర్మవైద్యులున్నారు. ఒకదానిలో ఎక్కిస్తే మేలుకున్న టీ కణాలు ఒంట్లో తిరిగి, ఒక్కోసారి మిగతావాటినీ రాల్చేస్తాయి. చర్మం ఆ గొడవకు తట్టుకుంటుంది.

కాలేయం సంగతి వేరు. హెపటైటిస్-బి వైరస్ కాలేయ కణంలో కాపురం పెడుతుందే గానీ, తానుగా దాన్ని పెద్దగా చంపదు. వైరస్ పట్టిన కణాలను వెతికి చంపేది మన టీ కణాలే. కళ్లు పచ్చబడ్డాయంటే లోపల వాటి పోరు ముదిరిందన్నమాట. పెద్దవయసులో అంటితే నూటికి 95 మంది దాకా రోగుల్లో టీ కణాలు వాటంతటవే గెలుస్తాయి. ఆ గెలుపును మన వైపు కామెర్లకు పసరు పోసేవాళ్లు తమ ఖాతాలో వేసుకుంటారు.

పురిట్లో తల్లి నుంచి అంటితే లెక్క తిరగబడుతుంది. నూటికి 90 మంది బిడ్డల్లో వైరస్ తిష్ఠ వేస్తుంది. ఏళ్ల తరబడి దాన్నే చూసి చూసి టీ కణాలు సొమ్మసిల్లుతాయి, పీడీ-1 అనే బ్రేకు బిగుసుకుంటుంది. వాటిని లేపడానికే పెగిలేటెడ్ ఇంటర్‌ఫెరాన్: వారానికో ఇంజెక్షన్, 48 వారాలు. జ్వరం, ఒళ్లునొప్పులు, కొందరికి మనసు కుంగిపోవడం. ఇంతా భరిస్తే వైరస్ ఉపరితల యాంటిజెన్ పూర్తిగా పోయేది పదిమందిలో ఒకరికి కూడా అనుమానమే. కాలేయం గట్టిపడి పొట్టలో నీరు చేరినవారికి అసలు ఇవ్వకూడదు. లేచిన సైన్యం మిగిలిన కాస్త కాలేయాన్నీ కాల్చేస్తుంది. 2018లో నోబెల్ అందుకున్న పరిశోధన నుంచి వచ్చిన, ఆ బ్రేకు విప్పే మందులతో క్యాన్సర్ రోగుల్లో కొందరికి కాలేయం వాస్తోంది. కోవిడ్‌లో వెంటిలేటర్ మీద ఉన్నవారి మరణాలను మూడో వంతు తగ్గించిన డెక్సామెథసోన్ సైతం రోగనిరోధక శక్తిని పెంచేది కాదు, అణిచే మందే.

అందుకే ‘శక్తి పెంచుతుంది’ అన్న డబ్బా ఎవరు చూపినా నాకు ముందు భయం వేస్తుంది.

డబ్బా కన్నా నమ్మదగింది టీకా. శాంతా బయోటెక్నిక్స్ 1997లోనే హైదరాబాదు నుంచి హెపటైటిస్-బి టీకాను చవగ్గా అందించింది. పుట్టిన 24 గంటల్లో పడాల్సిన ఆ టీకా, అలసిపోకముందే టీ కణాలకు శత్రువును చూపిస్తుంది. 2018లో మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్ష, వైరస్‌ను అదుపులో పెట్టే టెనోఫోవిర్ మాత్రలు ఉచితం. బందరుకు 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ కూడా వచ్చింది. చెరువు గట్ల మీద బతికే కుటుంబాలకు ఆ కాలేజీ వాళ్లు ఒక్కసారి హెచ్‌బీఎస్ఏజీ (ఉపరితల యాంటిజెన్) పరీక్ష చేస్తే, వైరస్ ఎవరిలో ఉందో, టీకా ఎవరికి వేయొచ్చో తేలుతుంది. కోడూరు, నాగాయలంక మండలాలతో మొదలుపెట్టమని అడుగుతున్నాను.