చిన్న తరగతుల్లో శిలాజాల మాటలు: జాతీయ విద్యా పరిశోధన, శిక్షణ మండలికి బహిరంగ లేఖ



డైనోసార్, రాక్షసబల్లి, శిలాజం అనే మాటలు పిల్లలకు బడిలో చేరకముందే చెవిన పడుతున్నాయి. కార్టూన్లు, ప్లాస్టిక్ బొమ్మలు, చొక్కాల మీది ముద్రలు ఆ పని చేస్తున్నాయి. ఐదేళ్ల పిల్ల టైరనోసారస్ పేరును తడుముకోకుండా పలుకుతుంది. అయితే పేరు నోటికి వచ్చినంత మాత్రాన విషయం తెలిసినట్టు కాదు. ఆ జంతువు ఒకప్పుడు ఉండేదని ఎలా తెలిసింది? ఇప్పుడు ఎందుకు లేదు? ఈ రెంటికీ జవాబు చెప్పుకోవడానికి కావలసిన మాటలు బొమ్మల దుకాణంలో దొరకవు. వాటిని బడే నేర్పాలి.

2022-23లో పాఠ్యాంశాల భారం తగ్గించే పేరుతో మండలి పదో తరగతి విజ్ఞానశాస్త్రంలో పరిణామ భాగాన్ని తీసివేసింది. ‘అనువంశికత - పరిణామం’ అన్న అధ్యాయం ‘అనువంశికత’గా మిగిలింది. డార్విన్‌తో పాటు శిలాజాల భాగమూ పోయింది. 2023లో 1,800 మందికి పైగా శాస్త్రవేత్తలు, ఉపాధ్యాయులు, విజ్ఞానశాస్త్ర ప్రేమికులు ఇది తగదని బహిరంగంగా రాశారు. పన్నెండో తరగతిలో ఆ పాఠం ఉంది కదా అన్నది అప్పుడు వచ్చిన సమాధానం. పన్నెండులో జీవశాస్త్రం తీసుకునేవారు ఎందరు? తీసుకోనివారు ఏ పుస్తకంలో చదువుకోవాలి? పదో తరగతితో చదువు ఆగిపోయే పిల్లల సంగతి ఏమిటి?  పై తరగతిలో ఆ పాఠం లేకపోతే కింది తరగతిలో నేర్చిన మాటలకు కొనసాగింపు ఉండదు. అందువల్ల చిన్న తరగతుల బాధ్యత మరింత పెరిగింది.

మొదట నేర్పవలసినది పెద్ద పెద్ద జంతువుల పేర్లు కాదు, శిలాజం తయారయ్యే తీరు. ఒండ్రు, పొర, ముద్ర, ఖనిజం అనే నాలుగు మాటలతో అది మొదలవుతుంది. చచ్చిన జంతువును ఏటి ఒండ్రు కప్పేస్తుంది. మెత్తని భాగాలు కుళ్లిపోతాయి, ఎముకలు మిగులుతాయి. పొర మీద పొర పేరుకుని, ఆ బరువుకు కింది ఒండ్రు గట్టిపడి రాయి అవుతుంది. నేలలోని నీటిలో కరిగి ఉన్న ఖనిజాలు ఎముకలోని సన్నని రంధ్రాల్లో చేరి, అది రాయిలా మారుతుంది. ఎముకే కానక్కర లేదు. పాదముద్ర, గుడ్డు, పేడ కూడా శిలాజాలు కావచ్చు. వరద తీసిన తర్వాత గోదావరి ఒడ్డున ఆరిన బురదలో కొంగ కాలిగుర్తు చూసిన పిల్లకు ముద్ర అన్న మాటను వేరే బొమ్మతో వివరించనక్కర లేదు.

తర్వాతిది డైనోసార్ అన్న మాట. 1842లో రిచర్డ్ ఓవెన్ ఈ జంతువుల సమూహానికి పెట్టిన పేరు నుంచి అది వచ్చింది. భయంకరమైన బల్లి అన్న ఆ అర్థంతోనే తెలుగులో రాక్షసబల్లి స్థిరపడింది. ఆ మాట ఉండవచ్చు, కానీ ఇవి బల్లులు కావని దాంతో పాటే చెప్పాలి. అన్నీ భారీవి కావు, కోడి అంతవీ ఉన్నాయి. ఆకాశంలో ఎగిరిన టెరోసార్లు డైనోసార్లు కావు. పక్షులు మాత్రం వాటి సంతతే. పెరట్లో తిరిగే కోడి ముందుకు చాచిన మూడు వేళ్లను చూపిస్తే ఈ సంగతి పిల్లలకు సులువుగా పట్టుబడుతుంది.

ఇక ఉదాహరణలు. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటాసారస్ జురాసిక్ కాలం నాటిది. దీన్ని 1988లో పి. యాదగిరి శాస్త్రలోకానికి పరిచయం చేశారు. కనీసం 12 జంతువులకు చెందిన 840 ఎముకలు అక్కడ బయటపడ్డాయి. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన అస్థిపంజరం పొడవు సుమారు 44 అడుగులు. దాని పుర్రె దొరకలేదు, రెండు పళ్లు మాత్రమే దొరికాయి. ఆధారం, ఊహ అనే మాటల తేడా పిల్లలకు నేర్పడానికి ఇంతకంటే మంచి చోటు లేదు: మెడ ఎముకలు ఆధారం, తల ఊహ. ప్రాణహిత అవతలి ఒడ్డున, సిరోంచ ప్రాంతంలో దొరికిన బారాపాసారస్‌కు రవీంద్రనాథ్ ఠాగూర్ పేరు చేర్చి బారాపాసారస్ టాగోరై అన్నారు. టైరనోసారస్ తెలిసిన తెలుగు పిల్లలకు ఈ రెండు పేర్లు ఎందుకు తెలియవు?

శిలాజాన్ని చూడటానికి అంత దూరం వెళ్లనక్కర లేదు కూడా. దేవుడి గదిలో ఉండే సాలగ్రామం చాలావరకు గండకీ నదిలో దొరికే అమ్మోనైట్ శిలాజమే. దాని లోపలి చక్రం గీతలు ఒకప్పటి సముద్రజీవి గుల్లవి. రాజమహేంద్రవరం దగ్గర కాతేరు, పంగిడి ప్రాంతాల్లో లావా పొరల నడుమ గుల్లల శిలాజాలు ఉన్నాయి.

చివరిది అంతరించడం, దాంతో పాటు కాలం. పక్షులు మినహా డైనోసార్లు సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట అంతరించాయి. ఇప్పటి మెక్సికో దగ్గర గ్రహశకలం ఢీకొట్టడం అందుకు ముఖ్య కారణం. దక్కన్ పీఠభూమిని పరిచిన లావా ఉప్పొంగింది కూడా ఆ కాలంలోనే. మనిషి జాతి వయసు దాదాపు 3 లక్షల ఏళ్లు. మనిషి, డైనోసార్ ఒకే బొమ్మలో పక్కపక్కన ఉంటే అది తప్పని పట్టుకోగలగడమే ఈ మాటలు నేర్చినదానికి గుర్తు.

2020 జాతీయ విద్యా విధానం చిన్న తరగతుల్లో ఇంటి భాషలో బోధనకు పెద్దపీట వేసింది. ఆ మాట నిలబడాలంటే పొర, ముద్ర, ఆధారం లాంటి మాటలకు పుస్తకంలో చోటు ఉండాలి కదా? భారం తగ్గించాలనుకున్నప్పుడు పిల్లలు ఎగబడి అడిగే విషయం మీదే చేయి పడటం ఎలా సమర్థనీయం? ఉపాధ్యాయుల్ని ఎవరు అడిగారు? అన్ని సంతకాలు అవసరం లేకుండానే తెలియవలసిన సంగతి ఇది. మండలి ఈ విషయాన్ని మళ్లీ ఆలోచించాలి. తీసివేసిన పాఠాన్ని పిల్లలకు తిరిగి ఇవ్వాలి, చిన్న తరగతుల్లో ఈ మాటలకు, ఈ నేల శిలాజాలకు తగిన చోటు కల్పించాలి.